గాస్కెట్ మందం

మూడు వందల మంది చూస్తుండగా మా పిన్ని చేతిలోంచి మోటారు సైకిల్ పందెం కప్పు వెనక్కి తీసుకున్నారు. తీసుకుని, రెండో స్థానంలో వచ్చిన స్కూలు బస్సు డ్రైవరుకి ఇచ్చారు. కారణం ఒక గాస్కెట్. ఇంజను సిలిండరుకీ, దాని మీద బిగించే తలకీ మధ్య గాలి బయటికి పోకుండా వేసే పలచటి అట్టముక్క అది. మిల్లీమీటరున్నర మందం ఉండాలి. పిన్ని బండిలోది కొలిస్తే అంతకంటే తక్కువ వచ్చింది. అది పలచనైతే ఇంజనుకు బలం పెరుగుతుంది. కాబట్టి మోసం అన్నారు. రెండేళ్లపాటు పందేనికి రావద్దన్నారు.

పిన్ని చేసే పని గాస్కెట్లు కోయడమే. ఆమె కొంప ముంచింది కూడా అదే.

మెకానిక్ షెడ్ల వీధిలో ఆమెది చివరి గది. మధ్యలో ఒక ప్లైవుడ్ చెక్క అడ్డం. చెక్కకి ఇవతల పిన్ని, అవతల దర్జీ పని చేసే మా బాబాయి. ఇద్దరి చేతుల్లోనూ కత్తెరలే. తన కత్తెర పిన్ని గాస్కెట్ షీటు మీద పెట్టిందేమోనని బాబాయికి రోజూ అనుమానం. "నా కత్తెర మొద్దుబారింది, ఎవరి పనో నాకు తెలుసు" అని చెక్క అవతలి నుంచి అరిచేవాడు. "నీ కత్తెర కాదు, నీ కళ్లు" అని ఇవతలి నుంచి జవాబు వచ్చేది.

ఏ పాత ఇంజనుకైనా గాస్కెట్ దొరక్కపోతే మెకానిక్కులు ఆ భాగాన్నే మోసుకొచ్చి ఆమె ముందు పెట్టేవారు. ఆమె దాని మీద షీటు పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంట టకటకా కొట్టేది. కొట్టినచోట అచ్చు పడేది. ఆ అచ్చు వెంట కత్తెర తిప్పేది. బోల్టు రంధ్రాలకి గొట్టంలాంటి పంచ్ ఒకటి. స్కేలు ముట్టుకోగా నేను చూడలేదు.

ఆమె పందెం బండీ అలాంటి పాతదే. పందెం బండి అనడం కూడా ఎక్కువే, పొద్దున షీట్లు కట్టుకొచ్చే బండి అదే. ఈ పందేల సంగతే అంత. బండి వయసు ముప్పై ఏళ్లు దాటాలి. ఇంజను, కార్బురేటరు, సైలెన్సరు ఫ్యాక్టరీ ఎలా చేసిందో అలాగే ఉండాలి. అద్దాలు, హెడ్‌లైటు గాజు విప్పేసి, పక్కన అంకె రాసుకుంటే చాలు. మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ ఆవరణలో పాత టైర్లు పేర్చి గీసిన బాట. వడ్రంగి, కాంపౌండరు, మీటర్ రీడరు, ఎవరి బండి మీద వాళ్లు వచ్చి, పరుగెత్తి, అదే బండి మీద ఇంటికి పోతారు.

ఒక్కటే కఠినమైన సంగతి. పందెం అయ్యాక గెలిచినవాడు టార్పాలిన్ మీద కూర్చుని, అందరి ముందూ తన ఇంజను తనే విప్పాలి. దీన్ని విప్పుడు అంటారు. ఓడినవాళ్లు ముందు వరసలో కూర్చుంటారు. వాళ్లలో ఎవరు ఏ భాగం కొలవమంటే అది కొలవాలి. కొలిచేది మాస్టారు, సాంకేతిక పాఠశాలలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. విప్పుడు ముగియకుండా టార్పాలిన్ మీంచి లేస్తే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క.

ఆ రోజు డ్రైవరు గాస్కెట్ కొలవమన్నాడు. అంతకుముందు ఎవరూ దాన్ని అడగలేదు. మాస్టారు కొలిచి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"అక్క చేతిలో కత్తెర ఉంది కదా మాస్టారూ, ఎంత పలచనిదైనా కోసుకోగలదు" అన్నాడు డ్రైవరు. జనం నవ్వారు.

"నొక్కుకుపోతుందయ్యా! బిగిస్తే ఏ గాస్కెట్టయినా నొక్కుకుపోతుంది" అంది పిన్ని.

"నువ్వు కోసినదాని గురించి నువ్వే చెబితే ఎలాగమ్మా?" అన్నారు మాస్టారు.

ఆ మాటకి పిన్నికి ఒళ్లు మండింది. స్పానరు విసిరేసి లేచి నిలబడింది. అంతే, అయిపోయింది. ఆమె చెప్పింది నిజమని తెలిసిన మెకానిక్కులు అక్కడ నలుగురైనా ఉన్నారు. చినుకులు పడుతున్నాయి, ఇళ్లకు పోవాలి. ఒక్కడూ నోరు విప్పలేదు. వాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

పందెంలో ఓడిపోవడం వేరు. మరుసటి వారం నుంచి వీధిలో ఆమె గాస్కెట్లను అనుమానంగా చూడటం మొదలైంది. "మందంగానే కోశావా అక్కా?" అని నవ్వుతూ అడిగేవారు. ఆమె చేతిపనికే మచ్చ పడింది. నేను అప్పట్లో లైబ్రరీలో దొరికిన ఇంజను పుస్తకాలన్నీ చదివి, నాలుగు పేజీల అర్జీ రాసి తెచ్చాను. పిన్ని మొదటి పేజీ చదివి, "బాగా రాశావురా, కాగితం గట్టిది" అని, దాన్ని షీటు కింద పరిచి పంచ్ కొట్టింది. నా వాదనలో పద్నాలుగు రంధ్రాలు పడ్డాయి.

రెండేళ్లు గడిచాక మళ్లీ అదే బండి, అదే చేత్తో కోసిన గాస్కెట్.

పది చుట్ల పందెం. నాలుగో చుట్టుకల్లా మిగిలింది ఇద్దరే, ముందు డ్రైవరు, వెనక పిన్ని. మూడో మలుపు దగ్గర డ్రైవరు ప్రతిసారీ బ్రేకు తొందరగా పట్టేవాడు. పిల్లల బస్సు నడిపే అలవాటు, ఎక్కడికి పోతుంది? ప్రతిసారీ అక్కడ పిన్ని ముందుచక్రం అతని వెనకచక్రం పక్కకి వచ్చేది. నేరుగా ఉన్న బాటలో అతను మళ్లీ లాగేసేవాడు. చివరికి చక్రం తేడాతో డ్రైవరే గెలిచాడు.

టార్పాలిన్ పరిచారు. పిన్ని ముందు వరసలో కూర్చుంది. నేను వెనక నుంచి వంగి, "అడుగు పిన్నీ, గాస్కెట్ కొలవమను" అన్నాను.

"అడగకుండా ఉంటానట్రా?" అంది. ఆ మొహంలో కోపం వెతికాను, కనబడలేదు.

డ్రైవరు ధీమాగా ఇంజను తల విప్పాడు. "కొలుచుకోండి. ఫ్యాక్టరీ ప్యాకెట్‌లోది. ఇంకోటి సీలు కూడా తీయలేదు, ఇదిగో" అని పెట్టెలోంచి చూపించాడు. మాస్టారు కొలిచారు. ఇంకోసారి కొలిచారు. పిన్నిది ఆనాడు ఎంతుందో, ఇదీ అంతే ఉంది.

ఒక్కసారిగా గోల. "కప్పు అక్కకిచ్చేయండి!" అని ఎవరో అరిచారు. నేను కూడా అరిచాను, దాచుకోవడం ఎందుకు. డ్రైవరు మొహం కందగడ్డలా అయింది. "నన్ను దొంగంటారా? మీరూ మీ పందెమూ..." అంటూ మోకాలు మీద చెయ్యి ఆనించి లేవబోయాడు.

"కూర్చో!" అంది పిన్ని. ఆ గొంతుకి గోల ఆగిపోయింది. "లేచావంటే పోతావు. నేను అలాగే పోయాను. కూర్చోవయ్యా."

అతను కూర్చున్నాడు.

"మాస్టారూ, ఆ సీలు మీరే తీయండి. ముందు కొలవండి. నేను ముట్టుకోను."

మాస్టారు కొలిచారు. మిల్లీమీటరున్నర, సరిగ్గా. డ్రైవరు దాన్ని వేసి, బోల్టులు ఎదురెదురుగా ఒక్కొక్కటే బిగించాడు. పిన్ని నేల మీద కూర్చునే చెప్పింది, "పది నిమిషాలు ఇంజను నడపండి. చల్లారనివ్వండి. ఎవరికైనా ఇంటికి పోవాలనుంటే పోవచ్చు."

ఎవరూ పోలేదు.

చల్లారాక విప్పారు. మాస్టారు కొలిచి, కొలత పరికరాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. కొత్త గాస్కెట్ కూడా నొక్కుకుపోయి మొదటిదాని మందానికే వచ్చింది. ఆయన డ్రైవరు వైపు కాక పిన్ని వైపు తిరిగి, "అమ్మా, బిగించినదాన్ని బిగించనిదాని కొలతతో పోల్చాను. తప్పు నాది. ఆనాటిదీ నాదే" అన్నారు. ఆయన అంత బిగ్గరగా చెబుతారని నేను అనుకోలేదు.

కప్పు డ్రైవరు దగ్గరే ఉండిపోయింది, న్యాయంగా గెలిచాడు కాబట్టి. మర్నాడు అతను రెండేళ్ల కిందటి కప్పును సంచిలో పెట్టుకుని గదికొచ్చాడు. "అక్కా, ఇది నీదే. పనిలోపని, మా బస్సు పంపుకి గాస్కెట్ ఒకటి కావాలి" అన్నాడు. "మందంగా కోయనా, పలచగా కోయనా?" అంది పిన్ని. అతను తల వంచుకుని నవ్వాడు. ఆ తర్వాత ఆ కప్పులో బాబాయి సుద్దముక్కలు ఉండేవి.

నేను వేరే ఊళ్లో ఉద్యోగానికి వెళ్లే ముందు ఆ గదికి వెళ్లాను. ఆమెను నేను చివరిసారి చూసింది అప్పుడే. సుత్తితో అచ్చు వేస్తోంది. డ్రైవరు విప్పుడు రోజు నుంచి నా మనసులో ఉన్న ప్రశ్న అడిగేశాను. "అతన్ని లేవనిచ్చుంటే ఆ రోజు కప్పు నీదే కదా పిన్నీ. వాళ్లు నీకు చేసిందే కదా!"

సుత్తి ఆగలేదు.

"లేవనిస్తే నా గాస్కెట్ దొంగదనే మిగిలేది, అతనిదీ దానికి తోడయ్యేది. ఆ కప్పు నేనేం చేసుకోను? పక్కకి జరుగు, వెలుతురు ఆపుతున్నావు. ఇంక అతని సంగతంటావా, మూడో మలుపులో ఆ తొందర బ్రేకు మానుకోలేడు. ఈసారి అక్కడే దాటేస్తాను, చూడు."