సమాధానం గారి జర్మన్ వెండి

తోటపల్లి గూడూరులో సమాధానం గారింట ఒక ఇనప్పెట్టె ఉండేది. అందులో పదకొండు వెండి వస్తువులు: చెంచాలు, గరిటెలు, ఒక చక్కెర గిన్నె, ఒక టీ వడగట్టు. వాటిలో తిన్నని గీత ఒక్కటీ లేదు. కాడలన్నీ తామర తూళ్ళలా మెలికలు తిరిగి ఉండేవి. పెద్ద గరిటె మీద ఒకసారి కప్ప వచ్చి కూర్చుని, అసలు తామర కాదని తెలిసి సిగ్గుపడి వెళ్ళిపోయింది. నేను చూశాను.

ఆయన మిషన్ బంగళాలో బట్లరు. 1955లో జర్మన్ దొరసాని స్వదేశం వెళ్తూ ఆ చక్కెర గిన్నె ఇచ్చింది. దాని అడుగున నెలవంక, కిరీటం, 800 అంకె. వెయ్యి పాళ్ళలో ఎనిమిది వందలు వెండి అని దానర్థం. తన చిన్నతనంలో వాళ్ళ దేశమంతటా ఈ పూతీగెల పనితనమంటే మోజని కూడా చెప్పింది. ఆ మోజు ఈయనకు అంటుకుంది. ఏడాదికోసారి మద్రాసు వెళ్ళి, తెల్లవాళ్ళు వదిలిపోయిన సామాను వేలంలో, ఆ ముద్ర, ఆ మెలికలు ఉన్నవాటినే ఏరి తెచ్చుకునేవారు. ఎవరికీ చెప్పలేదు.

1961లో ఆయన వాటిని వాకిట్లో తోముతుండగా పొరుగింటి రెబెక్కమ్మ చూసింది. ఆదివారం ఆరాధన కాగానే సంఘ పెద్దలు పెట్టె తెప్పించారు. ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం పాత్ర పట్టుకునేది ఇరవై ఏళ్ళుగా సమాధానం గారే. బంగళా వెండి కాజేసిన చేత్తో ఇక పట్టుకోకూడదన్నారు.

కాన్వెంటు చదువు కదా అని ముద్రలు నాతో చదివించారు. పదకొండింటి మీదా 800.

"అది బంగళా సామాను నంబరే," అన్నది రెబెక్కమ్మ. "ఇది ఎనిమిదొందలోది అయితే, ముందరి ఏడొందల తొంభై తొమ్మిదీ యాడ దాచినాడో అడగండి."

అన్నిటికీ ఒకే నంబరు ఎట్లా ఉంటుందని ఎవరూ అడగలేదు. వెండి పని కామాక్షయ్యను పిలిపించారు. అసలు వెండే అని తేలితే, బట్లరు దాన్ని కొనుక్కున్నాడంటే ఎవరు నమ్ముతారు? వేలం చీటీలు ఆయన దాచుకోలేదు.

"ఏం వెండన్నా ఇది?" అన్నాడు కామాక్షయ్య, గీటురాయి తీస్తూ.

సమాధానం గారికి అబద్ధం రాదు. "జర్మన్ వెండి."

సంఘమంతా నవ్వింది. జర్మన్ సిల్వరులో నలుసంత వెండి కూడా ఉండదని పిల్లలకు కూడా తెలుసు. కామాక్షయ్య రాయి సంచిలో వేసుకున్నాడు. సమాధానం గారు ఏదో చెప్పబోయి, బల్ల మీది పాత్ర వైపు చూసి, నోరు మూసుకున్నారు.

పాత్ర ఆయన చేతిలోనే ఉండిపోయింది. అయితే ఆ నెలలోనే రెబెక్కమ్మ, జర్మన్ సిల్వరే కదా అని, కూతురు పుష్పకుమారి పెళ్ళికి పెద్ద గరిటె పట్టుకుపోయింది. చేపల పులుసు దాంతోనే వడ్డించారు. సమాధానం గారు బంతిలో కూర్చోలేదు. గుండిగ పక్కనే నిలబడి, గరిటె పట్టిన ప్రతి చేతినీ అనుమానంగా చూస్తున్నారు. చింతపండు పులుసులో మునిగి లేచినప్పుడల్లా అది ఇంకా తళతళలాడుతోంది.

పెళ్ళికూతురి పట్టీలు ఇవ్వడానికి వచ్చిన కామాక్షయ్య ఆగి, గరిటెనూ ఆయన్నూ మార్చి మార్చి చూశాడు.

"జర్మన్ సిల్వరుకు ఇంత కాపలా నేను యాడా చూళ్ళేదన్నా," అన్నాడు మెల్లగా.

పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూస్తున్నానన్నారు సమాధానం గారు. నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే. అది కూడా సరిగా ఆడటం రాలేదు.