పెదవులు చదివిన పాట

నేను రోజూ వినే ఒక ఇంగ్లిష్ రాక్ పాటకు అర్థమేమిటని వెతికితే, ఊరు విడిచి పారిపోవాలనుకునే ఒకడి కథ అని నెట్ నిండా రాసి ఉంటుంది. ఆ వివరణ చదివితే నాకు ఒళ్లుమంట. పారిపోవడానికి పాటెందుకు, బస్సెక్కితే గంటలో కరీంనగర్.

మా ఇంటి వెనక షెడ్డులో మరమగ్గాలు నడుస్తాయి. ఆ మోతలో ఎంత అరిచినా దండగే. అందుకే నేతపని ఇళ్లల్లో గొంతు వాడం. పెదవులు కదిలిస్తాం, ఎదుటివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు.

మొన్నొక మధ్యాహ్నం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మగ్గం దగ్గర ఆ పాటే పాడుకుంటున్నాను. అవతలి మగ్గం దగ్గర నుంచి మా బాపు నా పెదవులనే చూస్తున్నాడు.

"ఎటు పోతవ్?" అన్నాడు, పెదవులతోనే.

బాపుకు ఇంగ్లిష్ ముక్క రాదు.

"ఎటు పోత బాపూ? ఇది పాట."

"పాటైతేంది? పోత అంటున్నవ్ గద."

అంతలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఇయర్‌ఫోన్లు తీసేశాను. ఆ నిశ్శబ్దంలో బాపు పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం లేదు. ఆయన నన్ను చూడటం లేదు, తెరిచి ఉన్న తలుపులోంచి బస్సులు పోయే రోడ్డు వైపు చూస్తున్నాడు. అక్కడ ఎవరూ లేరు.

చిన్నప్పటి నుంచి చదువుతున్న పెదవులవి. తప్పు చదవను.

"జర ఆగు. నేను గూడ వస్త."