ఎడమవైపు రంధ్రం

ఒక్క మాట చెప్పకుండా దాచాను. ఆ రంధ్రం నా సూది చేసిందని. ఇన్నేళ్లూ ఆ మాట గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. ఇవాళ మీకూ చెబుతున్నాను.

అప్పట్లో రాజమండ్రిలో ఒక కాలేజీలో జియాలజీ చెప్పేవాణ్ణి. గోదావరి అవతల సున్నపురాయి క్వారీలో మాకు ఒక పాము వెన్నుపూస దొరికింది. రాయిగా మారిన ఎముక, శనగగింజంత. పాము ఒంట్లో వెన్నుపూసలు వందల్లో ఉంటాయి. మాకు దక్కింది ఒకటే. ఎప్పుడో అంతరించిన ఆ పాము ఏదో దాన్నిబట్టే చెప్పాలి. వెనకవైపు కీలుగుంటకి రెండు పక్కలా సన్నని రంధ్రాలుంటే అది ఒక పాత పాముల కుటుంబానికి గుర్తు. కుడివైపు ఉంది. ఎడమవైపు కాస్త రాయి అంటుకుని ఉంది.

రాయి అంచున ఎముక నున్నగా కనబడుతోంది, రాయి తీసినా అక్కడ రంధ్రం ఉండదన్నారు మా సీనియర్ సత్యవతిగారు. ఉంటుందన్నాను నేను. ఓడినవాళ్లు ఆత్రేయపురం పూతరేకులు తేవాలని పందెం.

మర్నాడు మైక్రోస్కోపు కింద సూదితో గీకాను. తెల్లటి రాతిపొడి రాలింది. రాయి పోయింది. రంధ్రం లేదు. ఉండి తీరాలి కదా, ఇంకాస్త లోపల ఉందేమోనని పొడిచాను. సూది చటుక్కున దిగింది. ఈసారి రాలిన పొడి గోధుమరంగులో ఉంది. అది ఎముక పొడి. చూశాను. ఉఫ్‌మని ఊదేశాను.

పొడవడం పొరపాటే అనుకుందాం. మరి ఊదడం?

సత్యవతిగారు వచ్చి చాలాసేపు చూశారు.

"ఎడమపక్క నున్నగా ఉన్నట్టు కనబడిందే నాకు?"

"రాయి పట్టేసిందండి మేడం. శుభ్రం చేశాను."

"అయితే కళ్లజోడు మార్చాలన్నమాట!" అని నవ్వారు. "మీరన్నదే రాసేయండి మాస్టారూ. పందెం నాదే పోయింది."

పూతరేకులు తెచ్చారు. తిన్నాను. నా పేరుతో వ్యాసం అచ్చయింది. ఆ తర్వాత ఆవిడ ఎముకలు చూడటం మానేశారు. ఎవరైనా అడిగితే, తన చూపు మీద తనకే నమ్మకం లేదనేవారు. అది విన్న ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను. ఏం అడ్డొచ్చింది? పరువా? లేక, ఆలస్యం చేసినకొద్దీ తప్పు పెరుగుతుంటే, పెరిగిన తప్పుని చూసి ఇంకా భయపడటమా?

ఇప్పుడా క్వారీ నిండా నీళ్లు. మరో పూస దొరకదు. ఉన్న ఒక్కదాన్నీ నేను పాడుచేశాను. అది ఏ పామో ఇక ఎవరూ తేల్చలేరు.

కిందటి వారం కాకినాడలో సత్యవతిగారింటికి వెళ్లాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుతున్నారు. అంతా చెప్పాను. చేతులు ఆగిపోయాయి.

"ఇదిగో, ఈ రాళ్లు ఏరేటప్పుడు కూడా రెండోసారి చూసుకుంటానండి, అప్పట్నుంచీ," అన్నారు.

"మీరు సరిగ్గానే చూశారు మేడం. అక్కడ రంధ్రం లేదు. నన్ను క్షమించండి," అన్నాను.