కృపావరం సాక్ష్యం

సంఘ పెద్ద అబ్రహాం గారు గుమ్మం ముందు చెప్పులు విడిచేటప్పటికి కృపావరం భర్త కుడిచేతికి నూనె రాస్తోంది. శుక్రవారం సాయంత్రం. భీమడోలు స్టేషన్‌కి కాస్త దూరంలో రెండు గదుల ఇల్లు వాళ్లది. మంచం మీదున్న యోసేపు ఎనిమిది నెలల కిందటి వరకూ కొల్లేటి చెరువుల నుంచి చేపల లారీ తోలిన మనిషి. ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. ఆ వెంటనే కుడివైపంతా పడిపోయింది. మాట కూడా పోయింది. ఎవరేమన్నా అన్నీ అర్థమవుతాయి కాని, నోట్లోంచి "అ... అ..." తప్ప ఏమీ రాదు.

"వందనాలండీ," అంటూ కృపావరం లేచి కుర్చీ జరిపింది.

"వందనాలమ్మా. ఆదివారం మన మందిరం వార్షికోత్సవం కదా, ఏలూరు నుంచి ప్రసంగీకులు వస్తున్నారు. పాట అవగానే నీ సాక్ష్యం పెట్టించానమ్మా."

"నా సాక్ష్యమా అండీ?"

"నీదే. ఉపవాస కూటంలో యోసేపు లేచి నిలబడ్డాడా లేదా? సంఘమంతా చూసింది. దేవుడు చేసిన మేలు దాచుకోకూడదమ్మా. యోసేపుని కూడా తీసుకురా, అందరి ముందూ మళ్లీ నిలబడతాడు."

నిలబడిన మాట నిజమే. ఐదు వారాల కిందట ఇద్దరు మగవాళ్లు చంకల్లో చేతులేసి లేపి వదిలేస్తే, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు యోసేపు తనంతట తాను నిలబడ్డాడు. మందిరం స్తోత్రాలతో దద్దరిల్లింది. కృపావరం నేల మీద పడి ఏడ్చింది. మర్నాడు పొద్దున అదే ధైర్యంతో మంచం దిగబోయి అతను బోర్లా పడ్డాడు. కనుబొమ్మ చిట్లింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది? అప్పటికే అబ్రహాం గారు, "స్వస్థత వచ్చేసిందని నమ్మమ్మా, ఇంక ఆ ఏలూరు ఆసుపత్రికి తిప్పటం ఎందుకు?" అన్నారు. ఆవిడా నమ్మింది. ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం మానేసింది. అంతకుముందు కాస్త వంగుతున్న మోకాలు ఇప్పుడు కర్రలా బిగుసుకుపోయింది.

ఎవరికీ చెప్పనిది ఇంకొకటి కూడా ఉంది. మంచం దిగబోయి అతను పడిపోయిన ఆ రోజు నుంచి ఆమెకి ప్రార్థన రావడం లేదు. మోకాళ్ల మీద కూర్చుంటుంది, మాట పుట్టదు, లేచిపోతుంది. మందిరంలో ఆడవాళ్ల పాటలన్నీ ఎత్తుకునేది తనే. గొంతు పాడుతుంది, లోపల ఏమీ ఉండదు. బిడ్డలకి జ్వరమొస్తే నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థించమని నలుగురూ తన దగ్గరికే వస్తారు. తనెవరి దగ్గరికి వెళ్లాలి?

కుదరదని చెప్పడానికి అబ్రహాం గారు పరాయివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. యోసేపుకి పక్షవాతం వచ్చిన రోజున ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని ఏలూరు తీసుకెళ్లింది ఆయనే. మూడు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చున్నదీ ఆయనే. అందుకే "అలాగేనండీ" అనే మాట ఆమె నోట్లోంచి ఊడిపడింది.

శనివారం బడిలో మధ్యాహ్న భోజనాలు వండి, గిన్నెలు కడిగి ఆమె ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. తలుపు తియ్యగానే లోపల ధభీమని చప్పుడైంది. మంచానికీ గోడకీ మధ్య యోసేపు పడి ఉన్నాడు. ఎడమచేయి ఇంకా కిటికీ ఊచని వదల్లేదు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. అతను ఆ చెయ్యి వదిలి మందిరం వైపు వేలు చూపించాడు, తర్వాత ఆమెని చూపించాడు, తర్వాత తన కాళ్ల వైపు చూపించాడు. రేపు తన భార్య నలుగురిలో నవ్వులపాలు కాకూడదని నిలబడడం సాధన చేస్తున్నాడు.

"ఎవరు నిలబడమన్నారండీ మిమ్మల్ని? ఎవరు నిలబడమన్నారు?" అని అరిచింది. అరిచాక తెలిసింది, ఆ కోపం అతని మీద కాదు. తలెత్తి పైకప్పు వైపు చూసింది. "ఇవ్వకపోతే ఇవ్వకపోయావు, చూపించి లాక్కోవడం ఎందుకయ్యా? ఆటగా ఉందా నీకు?"

కేకలు విని పక్కింటి శిరీష పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి అతన్ని మంచం మీదికి చేర్చారు. సంగతంతా విని శిరీష, "రేపు వెళ్లడం మానెయ్యి అక్కా. ఒంట్లో బాలేదని కబురు పంపు," అంది.

"అదొక అబద్ధం. వెళ్లి నిలబెడితే ఇంకో అబద్ధం," అంది కృపావరం, భర్త పెదవి తుడుస్తూ. దేవుడితో అలా మాట్లాడినందుకు భయమేసింది. కాని ఐదు వారాల్లో ఆయనతో తను మాట్లాడింది అదొక్కటే.

ఆదివారం షామియానా కింద కుర్చీలన్నీ నిండిపోయాయి. యోసేపుని ఆటోలో తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. పాట మొదలైనా పక్కనే కూర్చున్న కృపావరం గొంతు కలపలేదు. ఆడవాళ్లు ఆమె వైపు తిరిగి చూశారు. పాట అయిపోయింది. గంజిపెట్టిన తెల్ల లాల్చీలో అబ్రహాం గారు మైకు అందుకుని, "పక్షవాతం నుంచి లేచిన మన సహోదరుణ్ణి ఇప్పుడు చూడబోతున్నాం," అన్నారు. స్తోత్రాలు మిన్నంటాయి. ఇద్దరు మగవాళ్లు యోసేపు చంకల్లో చేతులేశారు. అతను ఎడమచేత్తో కుర్చీ పట్టుకుని పళ్లు బిగించాడు.

కృపావరం అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. "లేవకండి." వాళ్లిద్దరి వైపూ చూసి, "వదిలేయండన్నయ్యా, కూర్చోనివ్వండి," అంది. వెళ్లి మైకు పట్టుకుంది.

"అందరికీ వందనాలండీ. ఆ రోజు ఈయన నిలబడ్డారు, అది నిజం. మర్నాడు పడిపోయారు, అదీ నిజమేనండి. నేను చెప్పలేదు. నిన్న మళ్లీ పడ్డారు, నా పరువు కోసం."

"అమ్మా, ఇక చాలు," అంటూ అబ్రహాం గారు చెయ్యి చాపారు.

"ఒక్క మాటండి. ఐదు వారాలుగా నేను ప్రార్థన చెయ్యలేదండి. రావట్లేదు. మీ ముందు పాడుతున్నాను, అంతే. నిన్న దేవుణ్ణి తిట్టాను. ఆయన్ని వదిలిపెట్టి పోలేదండి, పోవడానికి నాకు ఇంకో చోటు లేదు. కాని అలిసిపోయాను. సంతోషంగా ఉన్నానని మాత్రం చెప్పలేను. మంగళవారం నుంచి ఈయన్ని మళ్లీ ఏలూరు తీసుకెళ్తున్నాను. అంతేనండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఏలూరు ప్రసంగీకుడు తల దించుకుని చేతిగడియారం తిప్పుకుంటున్నాడు. పాస్టరు రత్నబాబు గారు, డెబ్భై ఏళ్ల మనిషి, నెమ్మదిగా లేచొచ్చారు. "ప్రార్థన రాని వాళ్ల కోసం మిగతావాళ్లు చెయ్యడానికే కదమ్మా సంఘం ఉన్నది," అన్నారు. "తప్పు మాది. నువ్వొచ్చి పాడుతున్నావు కదా అని మేమెవ్వరం నిన్ను అడగలేదు." ఆయన ఆ రోజు ప్రార్థనలో స్వస్థత అడగలేదు. వీళ్లని ఒంటరిగా వదిలిపెట్టకు తండ్రీ అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నారు.

భోజనాల దగ్గర కొందరు ఆమెని తప్పించుకు తిరిగారు. "బయటివాళ్ల ముందు అలా అనకుండా ఉండాల్సింది వదినా," అని ఒకావిడ మొహం మీదే అనేసింది. పెద్దింటమ్మ అనే ముసలావిడ మాత్రం పక్కన కూర్చుని, యోసేపుకి అన్నం ముద్దలు చేసి పెట్టింది.

రెండు మంగళవారాలు కృపావరం ఒక్కతే శిరీష సాయంతో అతన్ని రైలెక్కించింది. మూడో వారం ప్లాట్‌ఫారం మీద అబ్రహాం గారు నిలబడి ఉన్నారు. వచ్చి యోసేపు రెండో వైపు పట్టుకున్నారు. రైలు కదిలాక, కిటికీ బయట చేలు చూస్తూ అన్నారు.

"నా భార్య పోయిన రోజున నేను పాట పాడానమ్మా, సమాధి దగ్గర. అందరూ మెచ్చుకున్నారు. నాకు ఆ రోజు పాడాలని లేదు."

"పేరేంటండీ ఆవిడది?" అని కృపావరం అడిగింది.

"కరుణమ్మ," అన్నారాయన. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకుని, ఏలూరు వచ్చేదాకా ఆవిడ సంగతులు చెబుతూనే ఉన్నారు.

వానలు పడేనాటికి యోసేపు కర్ర సాయంతో వీధి గుమ్మం దాకా నడవగలిగాడు. కుడిచెయ్యి రాలేదు. ఇక రాకపోవచ్చనే డాక్టరు గారు చెప్పారు. మాటలు మూడో నాలుగో వచ్చాయి. కృపావరానికి ప్రార్థన మునుపటిలా సాగడం లేదు. కొన్ని రోజులు ఒక్క ప్రశ్న వేసి లేచిపోతుంది. కొన్ని రోజులు వంట చేస్తూనే ఆయనతో పోట్లాడుతుంది. కూటాల్లో ఎవరైనా "బాగున్నావా వదినా?" అంటే, బాగుంటే బాగున్నానంటుంది. లేకపోతే, "లేనమ్మా, కాస్త కూర్చో," అంటుంది. అడిగినవాళ్లు కూర్చుంటున్నారు.