వెంకన్న దాచిన విస్కీ సీసా కోసం పోలవరం లాంచీలో

పోలవరంలో ఉంటున్న మా వెంకన్నకు గొంతు పూడుకుపోతోందని కబురొచ్చిన వారంలోనే మా పాత దొరగారి కొడుకు ఉత్తరం వచ్చింది. అందుకే పోలవరం బయలుదేరాను. ధవళేశ్వరంలో నేను లాకుల తలుపులు తిప్పేవాణ్ణి, వెంకన్న లాంచీ సరంగు. గోదావరి కొలతలకు వచ్చిన స్కాట్లాండు దొర తన దేశం వెళ్లిపోతూ మా ఇద్దరికీ కలిపి ఒక విస్కీ సీసా ఇచ్చాడు. ఒకే బట్టీలో బార్లీతో కాచి ఇరవై ఏళ్లు పీపాలో ఉంచిన సరుకట. అప్పట్లో మద్యనిషేధం. వెంకన్న దాన్ని బియ్యం కుండలో దాచాడు. రిటైరయ్యాక కలిసి తాగుదామనుకున్నాం. రిటైరయ్యాం, తాగలేదు. ఆ బట్టీ మూతపడిందనీ, అలాంటి సీసా ఇక దొరకదనీ దొర కొడుకు రాశాడు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంటే పోస్టుమాస్టరుగారు చదివి చెప్పారు.

ఉదయం ఆరింటికి ధవళేశ్వరంలో బస్సెక్కితే అరగంటలో రాజమండ్రి. రేవులో ఏడింటికి లాంచీ, టిక్కెట్టు మూడు రూపాయలు. ఏటికి ఎదురు కాబట్టి మూడున్నర గంటలు పడుతుంది. ఎండ కుడివైపు కొడుతుంది, ఎడమవైపు కూర్చోండి. పట్టిసీమ దగ్గర ఇడ్లీ దొరుకుతుంది.

"ఎవరింటికండీ?" అన్నాడు లాంచీ సరంగు.

"వెంకన్న ఇంటికి."

"ఆయన దగ్గరే చుక్కాని పట్టడం నేర్చుకున్నానండి. మంచినీళ్లు కూడా దిగట్లేదంట."

పదిన్నరకు పోలవరం రేవులో దిగి వాడింటికి నడిచాను.

వెంకన్న చాప మీద ఉన్నాడు. గొంతులో గాలి తప్ప ధ్వని లేదు. "వచ్చావట్రా?" అని నన్ను గుసగుసగా అడిగి, "సీసా తియ్యవే," అన్నాడు భార్యతో.

మంగమ్మ తల దించుకుంది. "ఏం చెప్పమంటారండి అన్నయ్యగారూ! చలికాలంలో మనవడికి రొమ్ము పట్టేస్తే ఛాతీకి రాసేశానండి. బ్రాందీ అనుకున్నాను."

సీసా అడుగున రెండు మూతలకు మించి లేదు. వెంకన్న భుజాలు కదిలాయి. దగ్గనుకున్నాను, నవ్వు.

"తగ్గిందా మరి?"

"తగ్గిందయ్యా."

"అయితే దొర మందే ఇచ్చాడన్నమాట."

పడవవాళ్లు ఏ సీసా తీసినా మొదటి చుక్క గోదారికి పోస్తారు. ఉన్నదే ఇంత కదా అని నేను తిన్నగా గ్లాసులో వంచబోయాను. వెంకన్న గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు అమ్మకిరా."

ఒడ్డుకెళ్లి ఒక మూతెడు పోసి వచ్చాను. మిగిలిన దాంట్లో మంగమ్మ దూది ముంచి వాడి నాలుకకు అద్దింది. వాడు చాలాసేపు కళ్లు తెరవలేదు.

"పొగ వాసనరా. మన బొగ్గు లాంచీలాగే ఉంది. నువ్వూ తాగు."

తాగాను. గొంతు మండింది. బాగుందో లేదో నాకు తెలియలేదు, బాగుందన్నాను.

రెండున్నరకు లేచాను. "ఉండరా," అన్నాడు. మళ్లీ వస్తానన్నాను. పదో రోజున కబురొచ్చింది.

ఆ సరుకు గొప్పేమిటో చెప్పేంత చదువు నాకు లేదు. రిటైరైన సాయంత్రమే మూత తీసి ఉంటే, వాడు మాట్లాడుతుంటే నేను వినేవాణ్ణి. అంతకన్నా, ఉండమన్నప్పుడు ఉండకపోవడమే నన్ను తొలుస్తోంది. పోలవరం వెళ్లేవాళ్లకు ఒక్క మాట. వెనక్కి ఆఖరి లాంచీ మూడింటికే. అక్కడ మీ మనిషి ఉంటే ఒక దుప్పటి వెంట పెట్టుకెళ్లండి. ఆ లాంచీని పోనివ్వండి.