అవతలి కొస మామ

మామ పోయాడని మా చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. రామకుప్పం పక్కన వాళ్ళ ఊళ్ళో, మధ్యాహ్నం సంగటి తిని మంచం మీద ఒరిగిన మనిషి మళ్ళీ లేవలేదంట. చెల్లెలి కూతుర్ని ఆ వైపే ఇచ్చాం కాబట్టి కబురు తొందరగానే తెలిసింది. "బాధ పడలేదులే అక్కా, అంతవరకు మంచిది" అంది చెల్లెలు. ఆయన నాకు బంధువు కాదు. మా కులం కాదు, మా మతం కాదు. మేము మదనపల్లెలో ఆదివారం తప్పకుండా చర్చికి పోయేవాళ్ళం, ఆయన గంగమ్మకు మొక్కనిదే గడప దాటని మనిషి. అయినా నా సొంత మేనమామ పోయినంత దిగులు పుట్టింది.

ఆయన్ని మీకు ఎలా పరిచయం చేయాలో తెలియక ఇంతసేపు పెన్ను కొరుకుతూ కూర్చున్నాను. ఎనభైల నడుమ పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డును వెడల్పు చేశారు. గుట్టను చుట్టుకుని పోయే ఒక పెద్ద మలుపు దగ్గర, పుంగనూరు వైపు కొసన నేను, మదనపల్లె వైపు కొసన ఆయన నిలబడి బండ్లను ఆపి వదిలేవాళ్ళం. సగం రోడ్డు తవ్వి కంకర పరుస్తుంటే, మిగిలిన సగంలో కాసేపు ఇటు బండ్లు, కాసేపు అటు బండ్లు పోవాలి. గుట్ట అడ్డం కాబట్టి నా కొస ఆయనకు కనపడదు, ఆయన కొస నాకు కనపడదు. అరిచినా వినపడదు. పొద్దున మేస్త్రీ ముందర పలకరించుకుని చెరో దిక్కుకు పోతే, మళ్ళీ సాయంకాలం రోలరు ఆగాకే ముఖాలు చూసుకునేది.

నడుమ పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మా చెల్లెలూ అందులోనే ఉండేది. దాని బిడ్డ రోడ్డు పక్కన చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో నిద్రపోయేది. తల మీద కంకర గంప ఉన్నవాళ్ళకు వెనక వచ్చే బండి కనపడదు, రోలరు మోతలో హారన్ కూడా వినపడదు. రెండు వైపులా ఒకేసారి బండ్లు వదిలితే మలుపులో ఎదురెదురు పడతాయి. తప్పుకోబోయి వాళ్ళ మీదికే ఎక్కుతాయి. మా పని బరువంతా అక్కడే ఉండేది. "నీడలో నిలబడి గుడ్డ ఊపే ఉద్యోగం మీది" అని ఎగతాళి చేసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళకు నా నోటితో బాగానే సమాధానం చెప్పేదాన్ని.

నిజానికి బండ్లు ఆపమని మాకిచ్చిన ఎర్రగుడ్డతో మా వైపు పెద్దగా పని జరగదు. జాతర్ల కాలం వచ్చిందంటే ఊరూరి కుర్రాళ్ళు ఎర్రగుడ్డ అడ్డం పట్టి, బండ్లు ఆపి చందాలు అడుగుతారు. అందుకని దూరాన ఎర్రగుడ్డ కనపడితే చాలు, లారీవాళ్ళు ఇంకాస్త తొక్కేవాళ్ళు. మామ వేరే పద్ధతి పెట్టాడు. పొద్దున్నే ఒక కానుగ కొమ్మ విరిచి, తను వదిలిన వరసలో చివరి బండివాడి చేతికి ఇచ్చేవాడు. అది నా చేతికి వచ్చిందంటే అటు నుంచి ఇంక బండి లేదని అర్థం. అప్పుడు నేను నా వైపు వరస వదిలి, చివరి బండిలో కొమ్మను వెనక్కి పంపాలి. కొమ్మ ఎవరి చేతిలో ఉంటే దారి వాళ్ళది.

"కొమ్మ రానిదే కలెక్టరు వచ్చినా ఇడవొద్దు బిడ్డా" అని మొదటి రోజే చెప్పాడు.

"కలెక్టరు ఈ ఎండలో యాల వస్తాడు మామా?"

"వస్తే గొడుగు పట్టుకో. బండిని మాత్రం ఇడవాకు."

ఆ కొమ్మతో పాటు ఏవేవో వచ్చేవి. ఒకరోజు ఆకులో చుట్టిన నేరేడు పళ్ళు, ఇంకోరోజు చెల్లెలి బిడ్డకని తాటాకు గిలక్కాయ. నేను ఎవరైనా డ్రైవరుతో గట్టిగా గొడవ పడ్డానంటే, ఆ సంగతి ఇంకో డ్రైవరు మోసుకుపోయేవాడు. మరుసటి కొమ్మతో మామ మాట వచ్చేది: "గొంతు తగ్గించుకోమంటాండాడమ్మా పెద్దాయన, గుట్ట అవతలికి వినిపిస్తాండాదంట." ఎండకు మాడి, హారన్లకు విసిగి ఉన్న నాకు ఆ మాటతో నవ్వొచ్చేది. నవ్వొచ్చినందుకు మళ్ళీ కోపమొచ్చేది.

మామకు రామకుప్పం దగ్గర రాగి చేను ఉండేది. అడవి నుంచి ఏనుగులు దిగి పంటను మళ్ళీ మళ్ళీ తొక్కేస్తే, విసిగి రోడ్డు పనికి వచ్చాడు. నాకు గొంతు బొంగురుపోయిన సాయంకాలాల్లో ఏనుగుల కథలు చెప్పేవాడు. "ఏనుగు మీద అరిస్తే మన మీదికే వస్తాది. అది యాడికి పోవాలనుకుంటాందో సూసి, ఆ దావ ఇడిసి నిలబడాల. డ్రైవరూ అంతే. వానికి యాడికో పోవాల. నీతో తగువాడాలని ఇంట్లోంచి రాలే." నేను ఒప్పుకునేదాన్ని కాదు. కానీ ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనకుండానే ఆయన వైపు బండ్లు ఆగేవి, నేను ఇంత అరిచినా నా వైపు బండ్లు ముక్కులు ముందుకు తోసుకుంటూనే ఉండేవి.

ఆ ఏడు వేసవిలో, కుప్పం గంగమ్మ జాతర దగ్గర పడుతుండగా, ఆయన కొసనున్న కానుగ చెట్టు కొమ్మలన్నీ ఎవరో రైతు పొలానికి ఎరువు కోసం కొట్టుకుపోయాడు. పొద్దున్నే వచ్చి చూసుకున్న మామ, పక్కనే ఉన్న వేపచెట్టు కొమ్మ విరిచాడు. ఏ కొమ్మయితే ఏముంది అనుకున్నాడు పాపం. ఆ పొద్దు మొదటి వరసలో చివరి బండి, కుప్పం జాతరకు అంగళ్ళ సామాన్లు తీసుకుపోయే లారీ. ఎర్రగుడ్డ పట్టుకున్న పెద్దాయన వేపకొమ్మ తెచ్చి చేతిలో పెడితే ఆ డ్రైవరుకు మాత్రం ఇంకేం తోస్తుంది? అవతల ఇచ్చెయ్యమన్న మాట చెవికి ఎక్కించుకోకుండానే కళ్ళకు అద్దుకుని, దిగి లారీ ముందర కట్టుకుని బయల్దేరాడు. వెనక ఇంకో బండిని ఆపే తొందరలో మామ అది గమనించలేదు. నా దగ్గరికి వచ్చేసరికి నేను కొమ్మ కోసం చెయ్యి చాపాను. అతను నాకూ భక్తిగా ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు.

లారీ ముందర వేపకొమ్మ నేను చూశాను. జాతర బండి కదా అనుకున్నాను. నా కానుగ కొమ్మ ఇంకా వెనక వస్తోందని ఎదురు చూస్తూ నిలబడ్డాను.

వెనక ఏదీ రాలేదు. నా వైపు బస్సులు, లారీలు నిలిచిపోయాయి. అప్పుడు చౌడేపల్లె వైపు నుంచి ఒక జీపు వచ్చి అన్నిటినీ దాటుకుని నా ముందర ఆగింది. వెనక సీట్లో నొప్పులు పడుతున్న అమ్మాయి, అత్త ఒళ్ళో తల పెట్టుకుని మూలుగుతోంది. మంత్రసాని తనవల్ల కాదందంట, మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోతున్నారు.

అత్త దిగి నా చెయ్యి పట్టుకుంది. "దావ ఇడువమ్మా. బిడ్డ అడ్డం తిరిగుండాది."

"కొమ్మ రాలేదమ్మా. అటు నుంచి బండ్లు వస్తాంటాయి."

"కొమ్మేంది? పానం పోతాంటే కొమ్మ అంటావేంది? నీకు బిడ్డలు లేరా?"

నాకు అప్పటికి పిల్లల్లేరు. ఆ సంగతి ఆమెకెలా తెలుస్తుంది? బస్సుల్లోంచి జనం దిగి ఆమె వైపు చేరారు. నన్ను రాయి అన్నారు, ఇంకా ఏవేవో అన్నారు. జీపులో ఒక తల్లీ బిడ్డా, మలుపు అవతల నా చెల్లెలూ దాని బిడ్డా. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను గానీ దేవుణ్ణి ఏం అడగాలో తెలియలేదు. ఒక బస్సు కండక్టరును ఉరికి చూసి రమ్మన్నాను. అతను నాలుగడుగులు వేశాడో లేదో, మలుపులో మామ కనపడ్డాడు.

పరుగెత్తే వయసు కాదు ఆయనది. అయినా పరుగెత్తి వస్తున్నాడు. తలగుడ్డ ఊడి మెడలో పడింది. రెండు చేతులూ ఊపుతూ "ఇడువు బిడ్డా, ఇడువు, దావ ఖాళీగా ఉండాది" అంటున్నాడు. ఎంతసేపటికీ కొమ్మ తిరిగి రాకపోయేసరికి ఆయనకు అనుమానం వచ్చిందంట. తన కొసన ముందున్న బస్సు డ్రైవరుతో "నేను వచ్చేదాకా బండి కదిలిస్తే గంగమ్మ మీద ఆన" అని చెప్పి వచ్చేశాడు. జాతర ముందర ఆ ఆన దాటే డ్రైవరు మా వైపు లేడు.

జీపు కదులుతుంటే ఆ అత్త మమ్మల్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మామ ఆమెకు చేతులు జోడించి "తప్పు నాదమ్మా, ఈ బిడ్డది గాదు" అన్నాడు. బండ్లన్నీ పోయాక రోడ్డు పక్కన కూలబడి, నేనిచ్చిన నీళ్ళు తాగి, నా వైపు చూశాడు. "జీపును ఆపింది తప్పు గాదు. వేపకొమ్మ ఇచ్చింది తప్పు. రెండూ ఒకటిగా కలిపి మనసులో పెట్టుకోవాకు" అన్నాడు. జీవితంలో నాకు అంత అవసరమైన మాట ఇంకెవరూ చెప్పలేదు. ఆ రాత్రి నేను నిద్రపోగలిగానంటే ఆ మాటే కారణం.

మరుసటి రోజు ఆయన చేతిలో అరిగిపోయిన చీపురు ఉంది. "చెప్పు ఇస్తే తంతారు. తువ్వాలు ఇస్తే భుజాన యేసుకోని పోతారు. చీపురును ఎవుడూ తీసకపోడు" అన్నాడు. డ్రైవర్లు గింజుకున్నారు, పొద్దున్నే చేతికి చీపురేంది పెద్దాయనా అని. "అవతల మా బిడ్డ ఉండాది, ఆ యమ్మకు ఇచ్చెయ్, పీడ పోతాది" అనేవాడంట. ఆ పీడ వదిలించుకోవాలనే తొందరలో, బండి ఆగకముందే కిటికీలోంచి చీపురు నా ముఖం మీదికి చాపేవాళ్ళు. ఓవర్సీరు చూసి కడుపు పట్టుకుని నవ్వాడు గానీ వద్దనలేదు. ఒక్క బండి కూడా చీపురుతో పోలేదు. ఆ రూట్లో బస్సులవాళ్ళు ఆయన్ను చీపురు మామ అనేవాళ్ళు. నన్నేమనేవాళ్ళో చెప్పను.

అందరినీ నవ్వించాడు గానీ ఆయన నవ్వడం మాత్రం తగ్గిపోయింది. మధ్యాహ్నం సంగటి ముద్ద సగానికి సగం కుక్కకు వేసేస్తున్నాడని చెల్లెలు చెప్పేది. చౌడేపల్లె వైపు నుంచి వచ్చే ప్రతి డ్రైవరునూ, ఆ పొద్దు జీపులో పోయిన మనిషి సంగతి తెలుసా అప్పా అని అడిగేవాడు. ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం మదనపల్లె ఆసుపత్రి దాకా పోయి గేటు దగ్గరి నుంచే తిరిగొచ్చాడు.

"లోపలికి పోయి అడక్కపోయినావా మామా?"

"పేరు తెలీదు, ఊరు తెలీదు. ఏమని అడిగేది?" తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంటూ అన్నాడు, "అడిగితే చెప్తారేమోనని బయమేసింది."

నాకు చెప్పిన మాట ఆయన తనకు చెప్పుకోలేకపోయాడు. తప్పునూ తప్పు కానిదాన్నీ నా కోసం విడదీసి, తన వంతు తను మోశాడు. ఆయన మంచితనం గురించి ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

పని ముగింపుకు వచ్చి, రేపో మాపో వానలు పడతాయనుకుంటున్నప్పుడు, చౌడేపల్లె వైపు నుంచి ఒక జీపు వచ్చి నా వరసలో ఆగింది. ముందు ఆ అత్తను గుర్తుపట్టాను. ఆమె ఒళ్ళో పాత చీర గుడ్డలో చుట్టిన పసిబిడ్డ. పక్కన కోడలు, చిక్కిపోయి ఉంది గానీ నన్ను చూసి నవ్వింది. బిడ్డకు టీకా వేయించడానికి ఆసుపత్రికి పోతున్నారు.

"ఆ పొద్దు నిన్ను శానా మాటలంటి" అంది అత్త, నా ముఖం చూడకుండా.

"ఉండనీమ్మా. అవతలి కొసన పెద్దాయన ఉంటాడు. ఆయన దగ్గర జీపు ఆపి బిడ్డను సూపించండి. ఏమీ సెప్పొద్దు, సూపించండి సాలు."

అక్కడ ఆగినా వెనక ఎవరూ హారన్ కొట్టకుండా జీపును వరసలో చివరకు పెట్టాను. చీపురు డ్రైవరుకిచ్చి, జీపు మలుపు తిరిగేదాకా చూశాను.

మామూలుగా కాసేపట్లోనే అటు వరస వచ్చేసేది. ఆ రోజు రాలేదు. నా వైపు హారన్లు మొదలయ్యాయి. నేను ఎవరినీ తిట్టలేదు. చాలాసేపటికి మదనపల్లె వైపు బండ్లు ఒకటొకటిగా వచ్చాయి. చివర పుంగనూరు బస్సు. దాని డ్రైవరు కిటికీలోంచి చీపురు చాపలేదు. బస్సు ఆపి, దిగి వచ్చి, చేతికి ఇచ్చాడు.

"ఏమైందమ్మా ఆడ? పెద్దాయన ఏడుస్తాండాడు. ఎవురి బిడ్డనో ఎత్తుకోని నిలబడుండాడు."

"మరి బండ్లు ఎట్ల ఇడిసినాడప్పా?"

"ఒక చేత్తో బిడ్డను పట్టుకోని, ఒక చేత్తో ఇడిసినాడు. చీపురు నాకిచ్చినాడు గానీ, బిడ్డను ఇంకా ఆ యమ్మకు ఇయ్యలే."