సిస్టరమ్మ ఎక్కించిన దారం

మొన్న మంగళవారం బడికి బయలుదేరుతుంటే ఫోను వచ్చింది, సిస్టరమ్మ పోయిందని. ఉద్యోగం నుంచి దిగి ఏడాది కూడా కాలేదు. ఎప్పటినుంచో కాశీబుగ్గలో చెల్లెలి ఇంట్లోనే ఉంటోంది. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో అలాగే ఒరిగిపోయిందట. మంచం పట్టలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. ఆవిడకి అది ఇష్టమే అయి ఉంటుంది కానీ మాకు మాత్రం ఒక్కసారిగా చెయ్యి విరిగినట్టయింది.

ఫోను జేబులో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మా నాన్న కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. డెబ్బై దాటినా ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. సంగతి చెప్పాను. చేతిలో కాయ కింద పెట్టాడు. తర్వాత లేచి, "నానూ వత్తాను. బండి తియ్యి" అన్నాడు. స్నానం చేసి, పెళ్ళిళ్ళకి దాచుకునే తెల్ల పంచె తీసి కట్టుకున్నాడు.

సిస్టరమ్మ అంటే ఎవరో మీకు చెప్పాలి. మా వైపు ఒక సర్కారు ఆసుపత్రిలో, అత్యవసరంగా వచ్చేవాళ్ళని చూసే క్యాజువాలిటీలో హెడ్ నర్సు. ఆ ఆసుపత్రి ఏ ఊరిదో రాయను. రాస్తే అక్కడివాళ్ళు మా సిస్టరమ్మ అంటారు, మిగతా ఊళ్ళవాళ్ళు మాకూ చేసిందని తగువుకొస్తారు. పలాస నుంచి టెక్కలి దాకా, ఇటు సముద్రం ఒడ్డు ఊళ్ళ దాకా ఆవిడ చేతి సూది పడని ఇల్లు తక్కువ. పొట్టి మనిషి. ముక్కు చివర కళ్ళజోడు. నవ్వితే పై వరసలో రెండు పళ్ళు లేని సందు కనిపించేది. అయినా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వేది.

ఆ క్యాజువాలిటీ గుమ్మం పక్కన ఒక చెక్కబల్ల ఉండేది. దాన్ని అందరూ పళ్ళబల్ల అనేవాళ్ళు. పాము కరిచినవాళ్ళనీ, చెట్టు మీంచి పడ్డవాళ్ళనీ లోపలికి మోసుకెళుతుంటే, ఈ బల్ల మీద మావాళ్ళు బుగ్గలు పట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. పన్ను నొప్పికి క్యాజువాలిటీ ఏమిటని మీకు అనిపించవచ్చు. మాకు అనిపించలేదు. ఆ రోజుల్లో పళ్ళ డాక్టరంటే వారానికొక్కసారి, గురువారం, బరంపురం నుంచి రైల్లో దిగి కాశీబుగ్గలో ఒక గదిలో చూసే ఆయనే. మిగతా ఆరు రోజులూ పన్ను ఊరుకోదు కదా. క్యాజువాలిటీ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఒక సూది వేస్తే నొప్పి తగ్గుతుంది. తగ్గితే పన్ను బాగుపడినట్టే అనుకుని ఇంటికి వచ్చేస్తాం.

అంతకన్నా ఘనకార్యం చేసి వచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. పుచ్చిన పన్నులో పురుగు చస్తుందని జీడిపిక్క తొక్కు రసం పెట్టుకుని, నాలుకా పెదవులూ కాల్చుకుని దిగేవాళ్ళు. ఆ రసం తగిలితే బొబ్బలెక్కుతుందని జీడి కొట్టే మా ఊళ్ళలో చంటిపిల్లలకి కూడా తెలుసు. అలాంటివాళ్ళని చూస్తే సిస్టరమ్మకి ఒళ్ళు మండేది. "సేతికంటకుండా బూడిద రాసుకుంతావు, నోట్లో మటుకు నువ్వే ఎట్టుకుంతావేటి?" అని తిడుతూనే పక్కన కూర్చుని, చల్లటి నీళ్ళు పుక్కిలించమని, మళ్ళీ పుక్కిలించమని, మంట తగ్గేదాకా గ్లాసు అందించేది. తిట్టకుండా ఆవిడ వైద్యం చేసినట్టు నాకు గుర్తు లేదు.

మా నాన్నది పై దవడ పన్ను. ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. నొప్పి లేచినప్పుడల్లా సైకిలెక్కి ఆసుపత్రికి వెళ్ళడం, సూది వేయించుకుని రావడం. మధ్యలో కిరాణా కొట్టులో దొరికే నొప్పి బిళ్ళలు మింగడం. రోజుకి ఎన్ని మింగుతున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను పిల్లలకి పాఠాలు చెప్పే మాస్టర్నే గానీ, మా నాన్న చొక్కా జేబులో ఏముందో చూడలేకపోయాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది.

నాలుగోసారి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. సిస్టరమ్మ సూది సిద్ధం చేయలేదు. నాన్న కాళ్ళవైపు చూసింది. వంగి, చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. వెంటనే పూడలేదు. బిళ్ళలు ఎన్ని మింగుతున్నావని అడిగింది. నాన్న ఆకాశంవైపు చూశాడు. ఆవిడే చొరవగా జేబులో చెయ్యి పెట్టి, ఖాళీ అయిన బిళ్ళల అట్టలు బయటికి తీసి నా చేతిలో పెట్టింది.

రక్తం పరీక్ష చేయించారు. కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయని తేలింది. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న మా ఉద్దానంలో ఆ మాట వింటే మనిషికి ఏమవుతుందో బయటివాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మా వీధిలోనే ఇద్దరు అలాగే విశాఖపట్నం తిరిగి తిరిగి పోయారు. ఇప్పుడే ఆపితే ఇక్కడితో ఆగే వీలుంది, నొప్పి బిళ్ళలు, నొప్పి సూదులు ఇక ముట్టుకోవద్దని ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. నొప్పి పోవాలంటే పన్ను తీసేయాలి. గురువారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు.

నాన్న తీయించుకోనన్నాడు. పై పన్ను పీకితే చూపు పోతుందని మావాళ్ళ గట్టి నమ్మకం. మా తాతకి అలాగే పోయిందట. కిడ్నీలు పోతే నాలుగేళ్ళయినా బతుకుతాను, కళ్ళు పోతే తోటలో అడుగెలా పెడతానని వాదించాడు. నేను బతిమాలాను, కేకలేశాను. సిస్టరమ్మ తన నోరు తెరిచి చూపించింది. తనవీ పై పళ్ళే, రెండు తీయించుకున్నానంది.

నాన్న ఆవిడ నోట్లోకి చూసి, ముక్కు మీదికి చూసి, "మరి నీకు కళ్ళజోడేల వచ్చినాదమ్మా?" అన్నాడు.

పళ్ళబల్ల మొత్తం నవ్వింది. నొప్పులతో ఉన్నవాళ్ళు కూడా బుగ్గలు పట్టుకుని నవ్వారు. సిస్టరమ్మ కళ్ళజోడు ముక్కు మీద పైకి తోసుకుంది. వయసు మీద పడితే అందరికీ వచ్చేదే అని చెప్పినా వింటారా? చివరికి, "గురోరం రా మావా. నా సూపు ఉందో పోనాదో నువ్వే సూద్దువుగాని" అంది.

గురువారం నాన్నని ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. సిస్టరమ్మ పళ్ళబల్ల మీదే కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి కళ్ళజోడు తీసి నా చేతికిచ్చింది. ఒక సన్నటి కుట్టుసూది, తెల్లదారం తీసింది. దారం కొన నోట్లో తడిపి, వేళ్ళ మధ్య మెలిపెట్టి, సూదిలో ఎక్కించేసింది. ఒక్కసారికే. ఎత్తి చూపిస్తే బల్ల మీదివాళ్ళంతా తలలెత్తి చూశారు. సూది నాన్న చొక్కా అంచుకి గుచ్చి, "పన్ను తీయించుకోని ఇంటికెల్లినాక నువ్వూ ఎక్కించు. సూపు పోతే వొచ్చి నన్ను తిట్టు" అంది.

నాన్న ఇక వాదించలేదు. బేగి పదమని నన్నే తొందరపెట్టాడు. సిస్టరమ్మ సెలవు చీటీ రాసిచ్చి మాతో ఆటోలో కాశీబుగ్గ వచ్చింది. కిడ్నీల సంగతి డాక్టరుకి తనే చెప్పి, ఏ మందులు వాడొచ్చో, ఏవి వాడకూడదో రాయించింది. పన్ను తీస్తున్నంతసేపూ నాన్న కాలి బొటనవేలు పట్టుకుని నిలబడింది. చెయ్యి కాకుండా వేలెందుకని తర్వాత అడిగితే, తన్నకుండా అంది.

పన్ను పోయింది, చూపు ఉంది. బిళ్ళలు మానేశాడు. కాళ్ళవాపు తీసింది. ఆరు నెలలకోసారి రక్తం పరీక్ష చేయిస్తున్నాం, జబ్బు ఎక్కడ ఉన్నది అక్కడే ఆగింది. మా ఇంట్లో అప్పటినుంచీ సూదిలో దారం ఎక్కించే పని నాన్నదే. మా ఆవిడ జాకెట్టు గుండీ కుట్టుకోవాలన్నా, జీడిపిక్కల గోనెసంచి మూతి కుట్టాలన్నా ముందు ఆయన దగ్గరికి వెళ్ళాలి. ఎక్కించి, సిస్టరమ్మ చూపించినట్టే ఎత్తి చూపిస్తాడు.

సూది కథ ఊరూరా పాకింది. పళ్ళబల్ల మీదివాళ్ళని ఆవిడ గురువారాలు కాశీబుగ్గకి తోలేది. వచ్చిన ప్రతి పెద్ద అధికారినీ, "నా బల్ల మీద జనానికి ఓ కుర్సీ ఇప్పించండి" అని వేధించేది. ఆవిడ దిగిపోయే ముందు ఆసుపత్రి పక్కగదిలో పళ్ళకుర్చీ వేశారు. పొద్దుటిపూట చూడటానికి ఒక చిన్నవయసు పళ్ళ డాక్టరమ్మ కూడా వచ్చింది. మొదట ఆ కుర్చీలో కూర్చుని, వెనక్కి వాలి, బాగుందని చెప్పింది సిస్టరమ్మే.

మంగళవారం మేము వెళ్ళేసరికి ఆ ఇంటి ముందు నిలబడటానికి చోటు లేదు. అందరం బుగ్గలకి చేతులు ఆనించుకుని ఉంటే నాకు పళ్ళబల్లే గుర్తొచ్చింది. ఏడుపులోనూ నవ్వొచ్చింది. సిస్టరమ్మ చెల్లెలు నాన్నని పోల్చుకుంది. మీరేనా సూది మావ అని అడిగి, కూర్చోబెట్టి, నాకు ఇన్నేళ్ళూ తెలియని సంగతి చెప్పింది.

"జోడు తీసేత్తే అక్కకి సూదిబెజ్జం ఆనదు బాబూ. సూది పట్టుకున్న సెయ్యే మసగ్గుండీది. ఆ గురోరానికి ముందు మూడ్రోజులు ఈ గుమ్మంలోనే కూకోని, కళ్ళు మూసుకోని నేర్సుకుంది. వేళ్ళనిండా పోట్లే. ఎందుకే అక్కా అంటే, ఆ మావ కిడ్నీలు పోతాయే అనీది."

నాన్న ఇన్నేళ్ళు దేవుడి మహిమలా చెప్పుకున్న కథ అది. ఆయన ఏమవుతాడోనని భయంగా చూశాను. నాన్న తల దించుకుని పంచె అంచు సర్దుకుంటున్నాడు.

"నాకు ఆ రోజే తెలుసమ్మా" అన్నాడు. "ఆ తల్లి సూదివేపు సూడనేదు. వేలితో తడుముకుంతంది, నా మొకమే సూత్తంది. వేళ్ళమీద పోట్లు నానూ సూసినాను. కళ్ళు పోతే పోనీ అనుకున్నాను. నాకోసరం అంత కట్టపడిన మనిసికి కాదని ఎలాగ సెప్పీది?"

చూపు పోతుందనే నమ్ముతూ వెళ్ళి ఆ గురువారం డాక్టరు కుర్చీలో కూర్చున్నాడన్నమాట.

ఇంటికి వచ్చి స్నానం చేశాక, నాన్న సూదీ దారం తెమ్మన్నాడు. అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. ఈ మధ్య శుక్లాలు ముదిరాయి, వచ్చే నెల ఆపరేషన్. రెండుసార్లు దారం పక్కకి పోయింది. నేను ఎక్కిస్తానని చెయ్యి చాపితే తోసేశాడు. దారం కొన నోట్లో తడిపి, వేళ్ళ మధ్య మెలిపెట్టాడు. సూది బెజ్జాన్ని బొటనవేలితో తడిమి చూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.